రాగిరేకూ, నా ఆదివారమూ

మా మనవరాలి చదువంతా రాగి మీద. మేం స్థిరపడ్డ ఈ పరాయి రాష్ట్రపు ఊళ్ళోని పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. రాగి అంటే నాకు చెంబు, బిందె. దానికి మాత్రం ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే అరచేయంత పచ్చ బోర్డు మీద వెంట్రుకలా పరుచుకున్న గీత. ఆ గీతలో పోయే సిగ్నల్ ఎంత జోరుగా కొట్టుకుంటే దారిలో అంత బలం పోగొట్టుకుంటుందట. ఎంత పోతుందో బోర్డు తయారవకముందే కంప్యూటర్లో లెక్క కట్టి చెప్పడం దీని పని. ఈ మాత్రం నాకిప్పుడు తెలుసు. అప్పట్లో తెలియదు. తెలిసినదల్లా దాని అమ్మమ్మకి. ఆ కడుపుమంట సంగతే రాస్తున్నాను.

నా కొడుకూ కోడలూ బదిలీ మీద వేరే ఊళ్ళో ఉన్నారు. పిల్ల హాస్టల్లో ఉంటూ శనివారం సాయంత్రం సైకిల్ మీద న్యూ సెటిల్‌మెంట్‌ కాలనీలో మా ఇంటికి వచ్చేది. ఆదివారం అంతా నాది. నాది మూడో తరగతితో ఆగిన చదువు. మనిషి లేని గదిలో మా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది నా పద్ధతి, ఇప్పటికీ ఇంతే.

ఒక ఆదివారం పొద్దున్న పిల్ల స్నానానికి వెళ్లింది. బల్ల మీద అది తెచ్చుకున్న ల్యాప్‌టాప్ కంప్యూటర్ తెర నల్లగా ఉంది. లోపల ఏదో గుర్రుమంటోంది. ఎదురుగా ఎవరూ లేరు. స్విచ్చి కట్టేశాను. దాని బ్యాటరీ ఎప్పుడో పాడైపోయిందట, వెంటనే ఆగిపోయింది.

"మామ్మా, స్విచ్చి ఎవలు కట్టీసినారు?"

"నానే కట్టీసినాను. ఎవలూ సూడనిదానికి కరెంటెందుకు?"

"అది లెక్క సేస్తంది మామ్మా. రాత్రంతా సేసింది. మళ్లీ మొదట్నించి సెయ్యాల."

"తెర నల్లగా ఎట్టుకుని సేసే లెక్కేటే? ఉత్తినే కరెంటు తాగే పని, అదీ ఒక పనేనా?"

పిల్ల కంప్యూటర్ సంచిలో పెట్టేసుకుంది. అన్నం తిని, తల దువ్వించుకోకుండానే వెళ్లిపోయింది. మరుసటి శనివారం సైకిల్ రాలేదు. ఫోన్ వచ్చింది. "ఈ వారం అమ్మమ్మ కాడున్నాను మామ్మా." ఆ పై రెండు వారాలూ అదే మాట.

అమ్మమ్మ అంటే మా వియ్యపురాలు. ఈ ఊళ్ళోనే సుభాష్‌పల్లిలో ఉంటుంది. తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ముందు గదిలో ఫ్యాను వేసి వంటింట్లో కూర్చోగల మనిషి. చారులో ఉప్పు తక్కువ, కూరలో నూనె ఎక్కువ. ఆ తిండి తినలేక పిల్ల చిన్నప్పుడు నా దగ్గరికి పారిపోయి వచ్చేది. ఇప్పుడు అదే తిండి తింటూ అక్కడ ఉంటోందంటే, ఆవిడ ఏదో పెట్టి ఉండాలి. ఏం పెట్టిందో చూడాలనిపించింది.

బూందీ లడ్డూలు చుట్టి డబ్బాలో పెట్టుకున్నాను. సగం దూరం నడిచి, మిగతా సగానికి టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కాను.

"రండి రండి వదినగారూ, ఎంతకాలానికి!" అంది వియ్యపురాలు. కళ్లజోడు పెట్టుకుని ఉంది. పిల్ల పక్కనే కుర్చీ వేసుకుని కంప్యూటర్లోకి చూస్తోంది. మనవరాలు నన్ను చూసి లేచి, డబ్బా అందుకుని, ఒక లడ్డూ తీసింది. తింటుందనుకున్నాను. పళ్లెంలో చిదిపి అమ్మమ్మ ముందు పెట్టింది.

"ఇదిగో అమ్మమ్మా, నాను సెప్పినాను సూడు, రాగి మీద సన్న పూసలాటి గుళ్లు. సరీగ్గా ఇలాగే ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. కంటికి ఆనవు. నున్నగా ఉన్నాదనుకుని లెక్క కడితే తప్పొస్తది. అందుకే ఇలాగ గుళ్లు పేర్సినట్టు కంప్యూటర్‌కి సెప్పాల."

"ఓహో, ఇప్పుడు తెలిసిందే!" అని వియ్యపురాలు బూందీ గింజ ఒకటి గోటితో దొర్లించింది.

శనగపిండి నాది, పాకం నాది, పొయ్యి దగ్గర వేగింది నేను. పాఠం మాత్రం ఆవిడకి.

అప్పుడు వియ్యపురాలు లేచి, పిల్ల లేబ్ నుంచి తెచ్చుకున్న బొటనవేలంత రాగిరేకు ఒకటి వంటింట్లోంచి తెచ్చింది. తళతళ మెరుస్తోంది. "ఇదిగోనే, నీ ముక్క ఒకవైపు మసకబారి ఉంటే చింతపండూ ఉప్పూ వేసి తోమాను. చూడు, ఎలా వచ్చిందో."

పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ మసకే దానికి కావలసిందట. బోర్డుకి పట్టుకుని ఉండాలని ఆ వైపు కావాలనే గరుకు చేస్తారట. ఆ గరుకునే మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, ఆ గుళ్ల పరిమాణం లెక్కలోకి ఎక్కించాలట. వియ్యపురాలు పూజ చెంబుని తోమినట్టు తోమి, ఉన్న గుళ్లన్నీ చదును చేసేసింది. ఎంత చదువుకుంటే ఏం, తెలుగింటి ఆడది రాగి మీద మసక చూస్తే చింతపండు వెతుక్కోకుండా ఉండగలదా? నాకు కడుపు చల్లగా అయింది. ఇప్పుడు చెప్తుంది పిల్ల, ఇప్పుడు మూట సర్దుతుంది అనుకుని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

పిల్ల పకపకా నవ్వింది. "అమ్మమ్మా, గుళ్లన్నీ ఉప్పుతో అరగదీసీసినావా!" అని ఆవిడ భుజం మీద తల ఆనించి మరీ నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటే, నాను స్విచ్చి కట్టీస్తే నెల్లాళ్లు మొకం సూపించలేదు. ఈవిడ నీ రాగిరేకు పాడు సేస్తే నవ్వుతావేటి? ఈ ఇంట్లో తప్పుకి ఒక రేటు, మా ఇంట్లో తప్పుకి ఒక రేటా?"

వియ్యపురాలు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"ముక్కలు లేబ్‌లో మరిన్ని ఉన్నాయి మామ్మా," అంది పిల్ల. "స్విచ్చి కట్టీసినావని కూడా నాను రావడం మానలేదు. మళ్లీ సేసుకుంటాను. ఇదీ ఒక పనేనా అన్నావు. అందుకు మానినాను."

"మరి ఏటి పనో నాకెప్పుడైనా సెప్పినావా?"

"నువ్వు అడిగినావా?"

అడగలేదు. కడుపు నిండా తిన్నావా, తలకి నూనె రాసుకున్నావా అని అడిగాను. అవి మాత్రం మాటలు కావా? కానీ వాదన పెట్టుకుంటే ఆదివారం సుభాష్‌పల్లిలోనే ఉండిపోతుందని కనిపిస్తోంది. కొంగు బిగించి కుర్చీ ముందుకి లాక్కున్నాను.

"సరే, ఇప్పుడు అడుగుతన్నాను. సెప్పు."

చెప్పింది. జోరు పెరిగినకొద్దీ కరెంటు రాగి లోపలికి దిగదట, పైపైనే పాకుతుందట. పైన నున్నగా ఉంటే సాఫీగా పోతుంది, గరుకుగా ఉంటే ఆ గరుక్కే కొంత బలం పోతుంది. సగం తలకెక్కింది. సగం ఎక్కలేదు. ఎక్కిన సగంలోంచి ఒక ప్రశ్న పుట్టింది.

"అయితే మరీ అంత గరుకు సెయ్యకుండా కొంచిం తగ్గించొచ్చు కదే? బోర్డుకీ పట్టుకుంటాది, నీ సిగ్నలూ పోద్ది."

పిల్ల కళ్లు మెరిశాయి. "బాగా అడిగినావు మామ్మా! అలాటి రేకులూ సేస్తన్నారు. అమ్మమ్మ కూడా మొన్న సరీగ్గా ఇదే అడిగింది."

నా నోట్లోంచి వచ్చిన ఒక్క మంచి ప్రశ్న కూడా ఆవిడ ముందే వాడేసింది!

అయినా లేచేటప్పుడు చెప్పేశాను. "వచ్చీ ఆదివారం కంప్యూటర్ అట్టుకుని మా ఇంటికి రా. స్విచ్చి నాను ముట్టను, ఎవల్నీ ముట్టనివ్వను."

"వస్తాను మామ్మా. శనివారం రాత్రి లెక్క ఎట్టీస్తే ఆదివారానికి తేలుతాది, కానీ అమ్మమ్మ కూడా సూడాలంతంది. తీసుకొస్తాను."

ఏం చెప్పను? రమ్మన్నాను.

వచ్చారు. నా ఇంట్లో, నా కొడుకు కొన్న కుర్చీలో, తెరకి దగ్గరగా ఆవిడే కూర్చుంది. నేను వంటింటికీ ఆ గదికీ తిరుగుతూనే ఉన్నాను. పప్పు తాలింపు వేస్తుండగా పిల్ల కేక పెట్టింది. గరిట పట్టుకునే పరుగెత్తాను. తెర మీద ఎర్ర గీత, నీలం గీత. ఒకటి లేబ్‌లో కొలిచిందట, ఒకటి కంప్యూటర్ లెక్క కట్టిందట. నున్నటి రాగి అనుకున్నన్నాళ్లూ దూరదూరంగా పోయిన ఆ రెండూ ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

"కలిశాయి వదినగారూ, కలిసిపోయాయి!" అని వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుంది. నాకు చెప్పాల్సింది నా మనవరాలు. ఆ మాట కూడా ఈవిడే ముందు చెప్పింది. చెయ్యి విడిపించుకుని పిల్ల తల నా వైపు తిప్పుకున్నాను.

"నువ్వు సెప్పే. ఏటైంది?"

మొదట్నించీ మళ్లీ చెప్పింది. తాలింపు మాడిపోయింది. మాడనిచ్చాను.

సాయంత్రం ఇద్దరూ వెళ్తుంటే గేటు దాకా వచ్చాను. "వచ్చే ఆదివారం కూడా ఇక్కడే మామ్మా. ఇంకో రేకు ఉన్నాది," అంది పిల్ల సైకిల్ తీస్తూ.

టోటో ఎక్కుతున్న వియ్యపురాలితో అన్నాను. "ఇంత దూరం ప్రతీ వారం శ్రమ పడకండి వదినగారూ. మీకసలే మోకాళ్ల నొప్పులు."

"శ్రమేముందండీ, మనవరాలి కోసం," అంది ఆవిడ, నవ్వుతూ.