ఎడమ చక్రం

మా వియ్యంకుడు పోయాడు. కర్నూలు అవతల వాళ్ల ఊళ్లో, పొద్దున పిండిమర ముందు కుర్చీ తుడుచుకొని కూర్చున్నాడట, మళ్లీ లేవలేదు. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆమె, కునుకు తీస్తున్నాడేమోనని గంప దించుకొని పక్కనే కాసేపు కూర్చుందట. నా కోడలు, అంటే ఆయన బిడ్డ, నాకు ఫోన్ చేసి "మామా, నాయన ఇంక లేడు" అని ఆగిపోయింది. ఏ మాటకైనా ఎదురుమాట వెంటనే అనడం నా అలవాటు. ఆ పొద్దు ఫోన్ జేబులో పెట్టుకొని కారు తాళం తీశాను.

నాలుగో తరగతిలో బడి విడిచి లారీ ఎక్కినవాణ్ణి. అక్షరాలు నాకు తొందరగా లొంగవు. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే, నువ్వు చెప్పు, నేను రాసిపెడతానన్నాడు కొడుకు. వద్దన్నాను. ఈ మాటలు ఇంకొకరి చేతి మీదుగా పోతే మెత్తబడతాయి.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఎర్ర అంచు తువ్వాలు ఒకటి ఉండేది. కూర్చునే ముందు కుర్చీ తుడిచేవాడు. మంచినీళ్లు ఇస్తే గ్లాసు అంచు తుడిచేవాడు. సంబంధం మాట్లాడుకోవడానికి మా ఇంటికి మొదటిసారి వచ్చిన నాడు, ఆయన కోసమని తీసిన కొత్త స్టీలు పళ్లెంలో బజ్జీలు పెట్టబోతే, పళ్లెం అందుకొని ముందు తువ్వాలుతో తుడిచాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది బావా, మా ఇంట్ల పళ్లెం ఎంగిలిదనుకున్నవా?"

"అట్ల కాదు బావా. కొత్తది గదా, అందుకే. వాడిన పళ్లెం రోజూ కడుగుతారు. కొత్తదాన్ని ఎవరూ కడగరు."

పిండిమరతోనే బతికిన మనిషి. మరకు కొత్త రాయి వేసినా, కొత్త బెల్టు వేసినా ముందు తుడవడం ఆయన పద్ధతి. అదంతా నాకెందుకు పడుతుంది. ఆ రోజే ఆయనకు 'తుడుపు బావ' అని పేరు పెట్టాను. వియ్యంకుల మధ్య వేళాకోళం ఉండేదే. ఆయన నన్ను 'డ్రైవరు బావ' అనేవాడు. అందులో ఎక్కడా వెక్కిరింపు ఉండేది కాదు.

వచ్చినప్పుడల్లా జొన్నపిండి తెచ్చేవాడు. మూత తీసి పెట్టమనేవాడు. "వేడి మీద మూట గడితే ముక్కిపోతాది బావా. కోపంలో మాట గూడా అంతే, ఆరనియ్యల్ల" అనేవాడు. నేను ఏ మాటనూ ఆరనిచ్చినవాణ్ణి కాను.

ఇక తెలంగాణ ఉద్యమం రోజుల సంగతి. సమ్మె మొదలై బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. కోడలికి నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి, కాని తీసుకుపోయే దారి లేదు. అందుకని ఆయనే వియ్యపురాలిని వెంటబెట్టుకొని, దొరికిన లారీ పట్టుకొని, నల్లగండ్లలో మా కొడుకు ఫ్లాటుకు వచ్చాడు. బిడ్డ ఇంట్లో తినాల్సి వచ్చిందని లోపల సిగ్గుపడ్డాడు. బియ్యం, కందిపప్పు మూటలు మోసుకొచ్చాడు. అది చూసి కూడా నేను ఊరుకోలేదు.

"ఏం బావా, అల్లుని ఇంట్ల బువ్వ మంచిగ దిగుతున్నదా?"

"మీ సమ్మె పుణ్యం బావా. మీరు బస్సు ఇడిస్తే రేపే పోతా."

"రాష్ట్రం ఇస్తే బస్సు ఇడుస్తం."

"ఇయ్యమను. నేనేమన్నా అడ్డం నిలబడినానా?"

నాది నానక్‌రామ్‌గూడ పాత ఊరు. మేము జొన్న వేసిన నేల మీద అద్దాల మేడలు లేచాయి. వాటిలో మావాళ్లకు దొరికిన కుర్చీలు గేటు బయటివే. ఆ కోపం నాకుండేది, అది న్యాయమైన కోపం. రోజూ చౌరస్తాలో టెంట్ కింద కూర్చునేవాళ్లం, రోడ్డు మీదే వండుకొని తినేవాళ్లం. దాని గురించి నాకు ఈనాటికీ విచారం లేదు. రాష్ట్రం రావాల్సిందే, వచ్చింది. నా విచారం వేరే.

ఆ రోజుల్లోనే కొడుకు కారు బ్రేకు తొక్కితే ఇనుము మీద ఇనుము గీరిన చప్పుడు మొదలైంది. ముందు చక్రాలకు డిస్కులూ, వాటిని పట్టుకునే ప్యాడ్లూ రెండూ అరిగిపోయాయి. కోడలికి నొప్పులు ఎప్పుడొస్తాయో తెలియదు. ఆటోలు తిరగడం లేదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే నేనూ ధర్నాలోనే ఉన్నానన్నాడు. సామాను కొట్టు అతను తెలిసినవాడు కాబట్టి సగం షట్టర్ ఎత్తి కొత్త డిస్కులు, ప్యాడ్లు ఇచ్చాడు.

"మెకానిక్ దేనికి, నేను లేనా?" అన్నాను. లారీ బ్రేకులు నాకు బాగా తెలుసు. కారు డిస్కు బ్రేకు ఎన్నడూ విప్పలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"నేనూ ఒక చెయ్యి ఏస్తా బావా" అంటూ ఆయన నా వెనకే సెల్లార్‌లోకి దిగాడు.

"సరే, ఎడమ చక్రం నీది, కుడి చక్రం నాది. ఎవ్వని చక్రం వానిదే." నవ్వుతూ అన్నాను గాని, పంతంతోనే అన్నాను.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు జాకీలు ఎత్తి చక్రాలు ఊడదీశాం. ప్యాడ్లు ఉండే కాలిపర్‌ను విప్పి, దాని పైపు మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టాం. పాత డిస్కులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. నేను సుత్తితో గట్టిగా బాదాను. ఆయన చుట్టూ తిప్పుకుంటూ మెల్లగా తట్టాడు. నాది ముందు ఊడింది, ఆ సంగతి ఆయనకు వినబడేటట్టు చెప్పాను కూడా. కొత్త డిస్కును పెట్టెలోంచి తీసింది తీసినట్టే ఎక్కించాను.

అటు వైపు చూస్తే, ఆయన తువ్వాలు మీద పెట్రోలు పోసుకొని కొత్త డిస్కును తుడుస్తున్నాడు. ఒక వైపు తుడిచి, తిప్పి రెండో వైపు తుడిచి, మళ్లీ మొదటికొచ్చాడు.

"ఏంది బావా, పెండ్లిపిల్లకు నలుగు పెడుతున్నవా?"

"కొత్తది బావా, తుడ్చల్ల. నువ్వు గూడా..."

"నా చక్రం జోలికి రాకు. నీది నువ్వు చూస్కో."

నా చక్రం వైపు ఒకసారి చూసి, తువ్వాలును తిరగేసి మడిచాడు. తర్వాత తన పని తాను చేసుకున్నాడు.

మా లారీ వాళ్లలో ఒక పద్ధతి ఉంది. బ్రేకు పని చేసిన మనిషే మొదట ఆ బండిలో కూర్చోవాలి. ఆ తర్వాతే ఇంకొకరిని ఎక్కించాలి. ఇద్దరం చేశాం కాబట్టి ఇద్దరం కూర్చున్నాం, నేను స్టీరింగు దగ్గర, ఆయన ఎడమ సీటులో. బ్రేకు పెడల్ గట్టిపడే దాకా తొక్కి, అప్పుడు కదిలించాను. బంద్ కాబట్టి రోడ్డంతా ఖాళీ. టెంట్ కింద మావాళ్లు చూస్తున్నారని జర జోరుగానే పోయి బ్రేకు తొక్కాను. కారు ఆగింది గాని, ముక్కు ఎడమకు తిరిగి ఫుట్‌పాత్‌కు తగిలింది. మావాళ్లు లేచి వచ్చారు.

"ఏమైంది కాకా? జిందగంత లారీ నడిపినోనివి, గిట్ల గుద్దితివేంది?"

నా పరువు రోడ్డు మీద పడ్డట్టయింది.

"నాదేం లేదుర బై. కుడి చక్రం తెలంగాణది, ఎడమ చక్రం ఆంధ్రోళ్లది. చూడుండ్రి, దాని దిక్కే గుంజుకుంటున్నది, ఎప్పటి లెక్కనే."

టెంట్ టెంటంతా పడిపడి నవ్వింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "మాది ఆంధ్రా కాదప్పా, సీమ" అన్నాడు. దానికి ఇంకా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి టీ తాగాక, "నా చక్రం నేను చూసుకొస్తా, నువ్వు పండుకో బావా" అని ఒక్కడే దిగాడు. కాసేపాగి నేను దిగేసరికి చక్రాలన్నీ బిగించేసి పానాలు సర్దుకుంటున్నాడు. ఆయన కూర్చున్న పీట కారుకు కుడి వైపున ఉంది. పక్కనే గరుకు కాగితం ముక్క ఒకటి పడి ఉంది.

"పీట గీ దిక్కున్నదేంది?"

"వెలుతురు ఇటు పక్కుంది బావా."

ఇద్దరం మళ్లీ కూర్చొని తిప్పి చూశాం. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది.

"సరిపోయింది. నాదే తప్పు బావా" అన్నాడు.

"నేను చెప్పలే?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే కోడలికి నొప్పులొచ్చాయి. నలుగురం కారులో దవాఖానకు బయలుదేరాం, కొడుకు ముందే బండి మీద పోయాడు. లింగంపల్లి వైపు మలుపు తిరగగానే ఎదురుగా రాస్తారోకో. రోడ్డుకు ఎడమ పక్కన ఆడవాళ్లు పొయ్యి పెట్టి వంట చేస్తున్నారు. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. కారు ఎటూ తిరగకుండా ఉన్నచోట నిలబడింది. కోడలిని చూసి ఆ ఆడవాళ్లే లేచి, జెండాలు పక్కకు జరిపించి దారి ఇచ్చారు.

"చూసినవా బావా, డ్రైవింగ్ అంటే గిట్లుంటది" అన్నాను.

"ఔ బావా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మనవరాలు పుట్టింది.

దాని బారసాలలోనే ఎడమ చక్రం కథ చెప్పడం మొదలుపెట్టాను. పుట్టినరోజులకు చెప్పాను, చుట్టాల గృహప్రవేశాలకు చెప్పాను. రాష్ట్రం వచ్చిన నాడు స్వీటు పంచుతూ ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఎప్పుడన్నా నేను మరిచిపోతే, "బావా, చక్రం మాట చెప్పు, వీళ్లు ఇనలేదు" అని ఆయనే అందించేవాడు. అందరికన్నా ముందు ఆయనే నవ్వేవాడు. మొన్న పదకొండో రోజున కూడా, ఆయన ఫొటో ముందు, ఎవరో అడిగితే చెప్పాను. జనం కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. వియ్యపురాలు కూడా నవ్వింది. వచ్చేటప్పుడు ఆయన తువ్వాలు ఒకటి మడతపెట్టి, "గుర్తుగా ఉంచుకో అన్నా" అని నా చేతిలో పెట్టింది.

ఆ పాత కారు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఇన్నేళ్లూ కొడుకే షెడ్డులో పని చేయించేవాడు. కర్నూలు నుంచి వస్తుంటే బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణికింది. డిస్కులు మార్చాలి. షెడ్డుకు పంపబుద్ధి కాలేదు. బావతో కలిసి చేసిన పని గదా, ఒక్కసారి నేనే చేద్దామని కొత్తవి తెచ్చి, మా ఇంటి ముందే జాకీ ఎత్తాను.

పెట్టె విప్పి డిస్కును రెండు చేతులా పట్టుకున్నాను. అరచేతులు జారాయి. చూసుకుంటే నూనె. తుప్పు పట్టకుండా కొత్త డిస్కుకు నూనె పూసి పంపుతారు. ఆ రోజు నా చేతులు అసలే గ్రీజు మయం, కొత్త నూనె అంటినట్టు ఏం తెలుస్తుంది. తెలిసినవాడు చెప్పబోతే నేను చెప్పనియ్యలేదు.

డిస్కును ఒళ్లో పెట్టుకొని అట్లాగే నేల మీద కూర్చుండిపోయాను. నూనె ఉన్న చక్రం జారుతుంది, దాన్ని బ్రేకు పట్టదు. బండి ముక్కు పట్టిన చక్రం వైపే తిరుగుతుంది. ఎడమకు తిరిగిందంటే, ఆ రోజు సరిగ్గా పనిచేసింది ఎడమ చక్రం ఒక్కటే. జారింది నాది. ఆ సాయంత్రం ఆయన పీట వేసుకొని తుడిచిందీ, నూనె తాగిన ప్యాడ్లను గరుకు కాగితంతో రుద్దిందీ నా చక్రాన్నే. ఆ సెల్లార్‌లో ట్యూబులైటు కారుకు ఎడమ పక్కనున్న స్తంభానికి ఉండేది. అది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

కోడలికి ఫోన్ చేశాను. మీ నాయన నీతో చక్రం సంగతి ఎప్పుడన్నా చెప్పిండా అని అడిగాను.

"ఏమీ చెప్పలేదు మామా. ఒకసారి నేనే అడిగినా, ప్రతి ఫంక్షన్లో మామ అట్ల అంటాంటే నీకు కోపం రాదా నాయనా అని."

"ఏమన్నడు?"

"'ఆయన ఊర్లో, ఆయన మనుషుల ముందర ఆయన మాట పోగూడదు' అన్నాడు. నాకేం అర్థం కాలేదు. ఎందుకు మామా?"

చెప్పలేదు. ఫోన్లో నా వల్ల కాలేదు. అమ్మా, ఇది చదివితే నీకు తెలుస్తుంది.

ఆయన అక్కడ అందరి ముందూ నన్ను ఒక్క మాట అని ఉంటే, నేను పది మాటలు అని మరిచిపోయేవాణ్ణి. అనకుండా నాతో పాటు నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు నాకు అన్నం దగ్గర అడ్డం పడుతోంది. నా నోట ఆ కథ విన్నవాళ్లు చాలామంది ఉన్నారు, టెంట్ కింద నవ్విన మావాళ్లతో సహా. మీరు ఇంకెక్కడన్నా చెప్పేటప్పుడు మార్చి చెప్పండి. జారింది కుడి చక్రం, అది నేను వేసింది.

ఇంట్లో పాత బట్టలున్నాయి. అయినా వియ్యపురాలు ఇచ్చిన తువ్వాలే తెచ్చి, పెట్రోలు పోసి రెండు డిస్కులూ తుడిచాను. ఒక వైపు తుడిచి, తిప్పి రెండో వైపు తుడిచి, మళ్లీ మొదటికొచ్చాను. బట్ట మీద గుండ్రటి మరక పడింది. పని అయ్యాక తువ్వాలును ఎండకు ఆరేసి, మడతపెట్టి ఎడమ సీటు మీద పెట్టాను. స్టీరింగు ముందు నేను కూర్చున్నాను. పెడల్ గట్టిపడే దాకా తొక్కి, కంపెనీల వెనక ఖాళీ రోడ్డు మీదికి పోయి, జోరు అందుకొని బ్రేకు వేశాను.

కారు తిన్నగా ఆగింది. పక్క సీటు మీద తువ్వాలు జరంత ముందుకు జారి, అంచు దగ్గర నిలబడింది.