ఇటలీ బండి కింద నిమ్మకాయ

ఆ రోజుల్లో నాకు రెండు మొండి నమ్మకాలుండేవి. సరైన వాదన ఎదుట పెడితే ఏ మనిషైనా గంటలో మారిపోతాడన్నది మొదటిది. విప్పిన యంత్రం ఏదైనా సరే మళ్లీ బిగించగలనన్నది రెండోది. మొదటిదాన్ని హేతువాద సంఘం వాళ్లు ఆదివారం చర్చల్లో నూరిపోశారు. రెండోదాన్ని ఎవరూ నేర్పలేదు. పైగా మా ఇంట్లో ఓ మూల పడున్న టేబుల్ ఫ్యానూ, మూత బిగుసుకోని మిక్సీయూ ఆ నమ్మకానికి వ్యతిరేకంగా రోజూ సాక్ష్యం చెబుతూనే ఉండేవి. "నాకే నమ్మకాలూ లేవు" అని వేదికలెక్కి అరిచే కుర్రాడి దగ్గర ఇన్ని నమ్మకాలుండటం అప్పుడు నాకు వింతగా తోచలేదు. (ఇప్పుడు తోస్తోంది. అయినా ఆ కుర్రాడిని తిట్టే హక్కు నాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వను.)

మేం ఛత్రినాకలో ఉండేవాళ్లం. నేను కరెంటాఫీసులో కొత్తగా చేరాను. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఎర్తింగ్ బాగుందో లేదో చూడటం, బాగులేకపోతే కిందివాళ్లను కోప్పడటం నా ఉద్యోగం. నాలుగు జీతాలు చేతికి రాగానే, ఊరికి ఆ కొసన ఒక పెద్దమనిషి షెడ్డులో దుమ్ము తింటున్న ఇటలీ రేసు బండిని కొనేశాను. ఎర్రటిది, రెండు సిలిండర్లది, నాకంటే నాలుగైదేళ్లే చిన్నది. మామూలు ఇంజన్లలో వాల్వును స్ప్రింగు మూస్తుంది. ఈ మహాతల్లికి అలా కాదు, తెరవడానికొక మీట, మూయడానికి ఇంకొక మీట. అంటే సర్దాల్సిన సందులు కూడా రెండింతలు. దాని క్లచ్ నూనెలో మునగకుండా పొడిగా తిరుగుతుంది కాబట్టి, ఇంజను నడుస్తుంటే స్టీలు సామాన్ల సంచిని ఎవరో ఊపుతున్నట్టు గలగలమంటుంది. ట్రాలీ ఆటోలోంచి దించి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏందిరా, గిన్నెలన్నీ కింద పడేసినవా?"

ఆ వెంటనే అమ్మ అసలు సంగతికొచ్చింది. రెండు టైర్ల కింద రెండు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బండిని వాటి మీదుగా ఒకసారి ముందుకు పోనివ్వాలి. హ్యాండిల్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాలి. నేను సరిగ్గా ఆ నెలలోనే సంఘం పత్రికలో వాహన పూజల మీద నాలుగు పేజీల వ్యాసం రాసి ఉన్నాను. చేయనన్నాను. "నీ బండికి దిష్టి తగలొద్దంటున్న. నీ వ్యాసానికి కాదు," అంది అమ్మ. దానికి నేను గొంతు పెంచాను.

గొంతు వినగానే ఎదురింటి బర్రెల మామ వచ్చాడు. మాకు చుట్టమేం కాదు. ఆయన ఇంటి వెనక ఆరు బర్రెలుండేవి, ఆటోలో పాలు వేసేవాడు, వీధంతటికీ మామే. ఆయన ఆటోకు నిమ్మకాయలు దండలా వేలాడేవి. విషయం విని, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "అల్లుడా, ఇది ఇప్పుడు నడుస్తున్నదంటే పాత ఓనరు చేసిన పూజ బలం. అది ఒడిసిందంటే ఇగ లేవది," అన్నాడు.

"మామా, బండి పెట్రోలుతో నడుస్తది. పూజతో కాదు."

"గట్లనా? మరి పూజ లేకుండ ఏమన్న విప్పి మళ్ల బిగించు, చూద్దాం."

ఇంత మర్యాదగా ఎవరైనా సవాలు విసిరితే హేతువాది ఆగుతాడా? వీధి నడుమ నిలబడి ఒప్పందం ప్రకటించాను. బండిని పూర్తిగా విప్పుతాను, వాల్వులు సర్దుతాను, చాసిస్‌కు రంగు వేయిస్తాను, మళ్లీ బిగిస్తాను. పూజ లేకుండా బోనాల ఆదివారంలోపు స్టార్ట్ చేస్తాను. చేయలేకపోతే ఆ పొద్దున నా చేతులతో నేనే అందరి ముందూ నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొడతాను. చేస్తే మామ తన ఆటోకున్న నిమ్మకాయలన్నీ తీసేసి నెలరోజులు తిరగాలి. "ధక్కా పెట్టుడు లేదు, బటన్ ఒత్తుడే," అని మామ ఒక షరతు కలిపాడు. సరేనన్నాను. అక్కడున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అవి నాకే అనుకున్నాను.

తర్వాతి మూడు వారాలు మా వరండా మీద ఎవరూ కాలు పెట్టలేకపోయారు. ఏ సిలిండర్ మరలు ఏవో కలిసిపోకుండా అమ్మ ఇడ్లీ రేకులు తెచ్చుకున్నాను. ఒక్కో గుంటలో ఒక్కో వాల్వు సామాను, అంతకంటే మంచి పెట్టె ఇటలీలో కూడా తయారు చేసి ఉండరు. (ఆ నెలంతా మా ఇంట్లో ఉప్మానే. ఆ తర్వాత చాలా రోజులు ఇడ్లీలకు ఇంజనాయిల్ వాసన వచ్చిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. రుజువు లేదు.) రెండు కార్బురేటర్లు సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో చూడటానికి, ఒక కర్రకు పారదర్శకమైన గొట్టం కట్టి అందులో నూనె పోసి సొంత పరికరం కూడా తయారు చేసి పెట్టుకున్నాను. పొగ గొట్టాన్ని చాంద్రాయణగుట్టలో కోయించి పొట్టిగా చేయించాను. చాసిస్‌ను జల్‌పల్లిలో ఆటోలకు రంగులేసే భాయ్ దగ్గరికి మోసుకెళ్లాను. ఆయన మూడు పూతలేసి, గోటితో కొట్టి చూపించి, "దేఖో భాయ్, ఏక్ బూంద్ పానీ భీ అందర్ నై జాతా," అన్నాడు. ఒక్క నీటి బొట్టు కూడా లోపలికి పోదట. నాకు ఎంత గర్వమేసిందో! ఆ మెరిసే చాసిస్ మీద ఒక్క గీత పడకుండా, ప్రతి బోల్టునూ పసిపిల్లకు చొక్కా తొడిగినట్టు బిగించాను.

బోనాలకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. వీధి మూగింది. తాళం తిప్పాను. లైటు వెలిగింది, హారన్ మోగింది. బటన్ నొక్కాను.

"టక్."

అంతే. మళ్లీ నొక్కాను. "టక్." గలగలలు లేవు, గర్జన లేదు, చేతిగడియారంలో ముల్లు కదిలినంత చప్పుడు మాత్రం. బ్యాటరీ తక్కువైందన్నాను. కొత్త బ్యాటరీ వేశాను. టక్. స్టార్టర్ మోటారు విప్పి బ్యాటరీకి నేరుగా పెట్టి చూశాను, బొంగరంలా తిరిగింది. బండిలో పెడితే టక్. రిలే మార్చాను. స్విచ్చులు కడిగాను. టక్, టక్. వీధిలో ఆ మాట పలకరింపైపోయింది. నేను ఆఫీసుకు బయల్దేరితే పాన్ డబ్బా ముందు కూర్చున్నవాళ్లు నాలుక అంగిలికి కొట్టి "టక్" అనేవారు. మామ పొద్దున్నే పాలు పోస్తూ, "ఏమన్నది అల్లుడా, ఇయ్యాల గూడ గదే మాటనా?" అనేవాడు. నవ్వకుండా అడిగేవాడు, అది మరీ కష్టం.

ఆదివారం రానే వచ్చింది. గుడి వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి, తలల మీద బోనాలతో ఆడవాళ్లు వీధి దాటుతున్నారు. తెల్లవారుజామునుంచి మరోసారి అన్నీ చూసి, చివరిసారి బటన్ నొక్కి, ఆ టక్ విని, నేను ఓడిపోయానని ఒప్పుకున్నాను. తప్పించుకునే దారులు లేకపోలేదు. ఆఫీసులో పనుందని జారుకోవచ్చు. కానీ మాట తప్పిన హేతువాది మాట రేపు ఎవరు వింటారు? అమ్మ తెచ్చిన నిమ్మకాయలు నా చేతులతోనే రెండు టైర్ల ముందూ పెట్టాను. కొబ్బరికాయ ఎత్తి, "మాట ఇచ్చిన కాబట్టి కొడ్తున్న. నమ్మి మాత్రం కాదు!" అని గట్టిగా చెప్పి మరీ కొట్టాను. "చెప్పుడు ఒడిసిందా? ఇగ ఎక్కు," అన్నాడు మామ. ఎక్కి, కాళ్లతో నెట్టుకుంటూ బండిని నిమ్మకాయల మీదుగా ముందుకు కదిపాను. రెండు కాయలూ చితికాయి. బండి ఎగిరి కిందికి దిగింది.

"ఒత్తు."

ఒత్తాను. ఇంజను భగ్గుమంది!

కోసిన పొగ గొట్టంలోంచి ఆ శబ్దం వీధి గోడలకు కొట్టుకుని డప్పులను మింగేసింది. ఈలలు, కేకలు. అమ్మ రెండు చేతులూ జోడించింది. మామ నా వీపు మీద చరిచిన చరుపుకు బండి మీదినుంచి పడబోయాను. తన బండి స్టార్టయినందుకు ఏడుపు మొహం పెట్టిన మనిషి ఆ రోజు హైదరాబాదు మొత్తంలో నేనొక్కణ్నే అయి ఉంటాను. నేనేం చేశానంటే, తాళం తిప్పి ఆపేశాను.

"అరే, ఎందుకు బంద్ చేసినవ్ ర!" అన్నారు వీధివాళ్లంతా.

"ఒక్కసారి జరిగితే రుజువు కాదు. మళ్లీ జరగాలె." బటన్ నొక్కాను. టక్.

"చూసినవా? అమ్మవారికి కోపమొచ్చింది," అంది అమ్మ కళ్లనీళ్లతో. మామ ఇంకేం మాట్లాడకుండా తన ఆటోకున్న దండలోంచి రెండు నిమ్మకాయలు తెంపి టైర్ల ముందు పెట్టాడు. దొర్లించాను. నొక్కాను. మళ్లీ గర్జించింది! నిమ్మకాయ ఉంటే స్టార్టవుతోంది, లేకపోతే కావడం లేదు. మళ్లీ మళ్లీ చేసి చూడాలని వీధికి పాఠం చెప్పినవాణ్ని నేనే. ఆ పాఠం ప్రకారం నేను నిండా మునిగిపోయాను. "ఇప్పుడేమంటవ్, సార్?" అన్నాడు మామ. జీవితంలో మొదటిసారి నన్ను సార్ అన్నాడు.

బండి ఆపి, చితికిన నిమ్మకాయ వంక చూస్తూ నిలబడ్డాను. కోపంగా ఉంది, సిగ్గుగా ఉంది, కానీ అంతకంటే కుతూహలంగా ఉంది. ఈ కాయ బండికి ఏం చేస్తోంది? రసం ఇంజనులోకి పోదు. వాసన పోదు. అది చేసేదల్లా ఒకటే, టైరును రెండు వేళ్ల మందం పైకెత్తి ధబ్‌మని దించుతోంది. "అర ఇటుక తెండి!" అని అరిచాను. ఎవరో గోడ పక్కనుంచి తెచ్చారు. నిమ్మకాయలు లేవు, కొబ్బరికాయ లేదు. వెనక టైరును అర ఇటుక మీదికెక్కించి దించి బటన్ నొక్కాను. స్టార్టయింది.

సీటు విప్పి లోపలికి తల దూర్చాను. కుదుపుకు కదిలేది ఏదో ఉండాలి. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్త్ తీగను చాసిస్‌కు బిగించే చోట, బోల్టు కింద, జల్‌పల్లి భాయ్ వేసిన మూడు పూతల ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. నీటి బొట్టు పోని చోట కరెంటు ఎలా పోతుంది? లైటుకు, హారన్‌కు కావలసిన కాస్తా మరలోంచి ఎలాగో పాకింది. స్టార్టర్‌కు కావలసినంత పోలేదు. కుదుపు తగిలినప్పుడల్లా తీగ చివర బోల్టు మర దగ్గర ఇనుమును కాసేపు గట్టిగా తాకుతోంది, ఇంజను అదురుకు మళ్లీ వదులైపోతోంది. ఎర్తింగ్ దగ్గర తుప్పూ రంగూ గీకలేదని పొద్దున లేస్తే లైన్‌మన్లను కడిగేసే అధికారిని నేను! అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లలో మా లైన్‌మన్ ఒక్కడూ లేకపోవడం నా అదృష్టం. (అది అదృష్టం కాదు, సెలవు రోజు కాబట్టి. చూశారా, ఇంకా అలాంటి నమ్మకాల్లోకి జారుతూనే ఉంటాను.)

కత్తితో రంగు గీకి, తెల్లటి ఇనుము కనిపించాక బోల్టు బిగించి, పదిసార్లు ఆపి పదిసార్లు స్టార్ట్ చేశాను. కుదుపు లేదు, కాయ లేదు. బండెక్కి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. తప్పు నాది, దిష్టిది కాదు. పని చేసింది నిమ్మకాయ మహిమ కాదు, నిమ్మకాయ మందం. మామ చేయెత్తి ఆపాడు.

"అంత వద్దు అల్లుడా. ఒక్క మాట చెప్పు. పొద్దుగాల ఈ బండి నిమ్మకాయతోని స్టార్టయిందా, కాలేదా?"

కాలేదని చెప్పొచ్చు. సంఘంలో ఆ పని చేసే పెద్దలు నాకు తెలుసు. కానీ కళ్ల ముందు జరిగినదాన్ని కాదనేవాడు రేపు ఏ ముఖంతో ఇంకొకణ్ని ఆధారం అడుగుతాడు?

"అయింది, మామా. కానీ..."

ఆ "కానీ" ఎవరూ వినలేదు. సరిగ్గా అప్పుడే ఊరేగింపు మలుపు తిరిగింది, పోతరాజు ముందు డప్పులు దద్దరిల్లాయి, జనం "అయింది" అన్నదాన్ని పట్టుకుని అటు పరుగెత్తారు. నేను వాక్యం పూర్తి చేశాను. నాకూ బండికీ వినిపించింది.

మర్నాడు పొద్దున్నే మామ పాలగిన్నెతో లోపలిదాకా వచ్చి, గొంతు తగ్గించి, "నా ఆటో గూడ పొద్దుగాల టక్ అంటది. ఆ గీకుడేందో జర చూస్తవా? లొల్లి చెయ్యకు," అన్నాడు. గీకాను. బాగుపడింది. నిమ్మకాయల దండ మాత్రం ఆటోకు అలాగే ఉంది, ఒప్పందం ప్రకారం గెలిచింది ఆయనే మరి.

పనిలో పడి నేను అర ఇటుకను వీధిలోనే వదిలేశాను. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి దానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. స్కూటర్ మొరాయిస్తున్న వాళ్లు ఇద్దరు దాని మీదుగా ఎక్కించి దించుతున్నారు. నాకు మండిపోయింది. బిందెడు నీళ్లు తెచ్చి కడిగేశాను. మర్నాటికి మళ్లీ బొట్టు. మళ్లీ కడిగాను. మూడోరోజు పసుపు, బొట్టు, పైన ఒక బంతిపువ్వు. ఇక ఊరుకోలేదు. ఇటుకను కడిగి, ఆరబెట్టి, సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలతో దాని మీద "ఇది ఇటుక" అని రాసి, చేతులు దులుపుకుని గుమ్మంలో కూర్చున్నాను.

వీధి చివర పూలమ్మే అవ్వ బుట్టతో వచ్చి ఆగింది. ఆమెకు చదువు రాదు. వంగి ఆ తెల్లటి అక్షరాలకేసి చాలాసేపు చూసింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"ఇది ఇటుక అని రాసిన, అవ్వా."

"మంచిగ రాసినవ్," అని, బుట్టలోంచి ఒక మల్లెమొగ్గ తీసి అక్షరాల మీద పెట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోయింది.

నేను వెనక్కి తగ్గలేదని మనవి. ఆ తర్వాత కూడా ఎన్నో చోట్ల, ఎన్నో వాటి మీద, అవేమిటో ఉన్నదున్నట్టు రాస్తూనే వచ్చాను. ఇకముందూ రాస్తాను. కానీ రెండు మాటలు రాస్తే చాలు, వీధి వీధంతా చదువుకుని ఇళ్లకు పోతుందనుకుని, గుమ్మంలో చేతులు కట్టుకుని కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా, పక్కన కూర్చుని వాడికి కాసిని టీ నీళ్లు ఇవ్వాలనిపిస్తుంది.