మా ఆవిడ సముద్రంలో దూకిన రోజు

నేను పొదిలిలో పురుగుమందుల కొట్టు నడుపుతాను. మా వైపు బావులు ఎండిపోయినప్పటినుంచి నాకు తెలిసిన నీళ్లు రెండే రకాలు, బోరులోంచి వచ్చేవి, ట్యాంకరులో వచ్చేవి. అలాంటివాణ్ణి కిందటేడు ఎండాకాలంలో మందుల కంపెనీవాళ్లు ఓడెక్కించారు. బాగా అమ్మిన డీలర్లకు భార్యలతో సహా కొచ్చి నుంచి లక్షద్వీప్ దాకా అయిదు రోజుల యాత్ర. నేను రానని చెప్పేశాను. మిరప కోతలు అయిపోయి కొట్టులో ఈగలు తోలుకుంటున్న రోజులు కాబట్టి పనుందని చెప్పడానికీ లేదు. ఊరికే, వెళ్లబుద్ధి కాలేదు. ఆ రాత్రి మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ, "మీరు రాకపోతే మానండి. నేను దర్శి వాళ్లతో కలిసి వెళ్తా" అంది.

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో నన్ను అడక్కుండా ఆమె గుంటూరు కూడా వెళ్లలేదు. దర్శి వాళ్లంటే అక్కడి డీలరూ ఆయన భార్యా. ఆయనా నేనూ ఒకేసారి కొట్లు తెరిచాం. పెళ్లాం వెళ్లి మొగుడు ఇంట్లో కూర్చున్నాడంటే ఆయన నన్ను బతకనివ్వడు. దాంతో నేనూ సంచీ సర్దుకున్నాను.

మూడో రోజు ఒక దీవి దగ్గర ఓడ ఆపారు. పడవల్లో ఒడ్డుకు చేర్చి స్నార్కెలింగ్ నేర్పిస్తామన్నారు. అంటే కళ్లకూ ముక్కుకూ కలిపి ఒక అద్దాల మాస్కు తగిలించుకుని, నోట్లో ఒక వంకర పైపు పెట్టుకుని, నీళ్ల మీద బోర్లా పడుకుని కింద చేపల్ని చూడటం. పైపు రెండో కొస నీళ్లకు పైన ఉంటుంది. అందులోంచి నోటితో గాలి పీల్చుకోవాలి. నేర్పేది ఆ దీవి మనిషే, నా వయసువాడే. సగం మలయాళం, సగం హిందీ, మధ్యలో ఇంగ్లీషు. ఆ మూడింట్లో ఏదీ నాకు సరిగా రాదు.

ముందు మాస్కు అద్దంలో ఉమ్మేసి వేలితో రుద్దమన్నాడు, అద్దానికి ఆవిరి పట్టకుండా. ఛీ అనుకున్నాను. తర్వాత నా మీసం చూసి తల అడ్డంగా ఊపాడు. మీసం ఉంటే మాస్కు సందుల్లోంచి నీళ్లు దూరతాయట. తీసేస్తావా అని వేలితో సైగ చేశాడు. నేను చూసిన చూపుకి రెండోసారి అడగలేదు. ఒక డబ్బాలోంచి ఏదో జిడ్డు తీసి, నలుగురూ చూస్తుండగా, నా మీసానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా దట్టంగా పట్టించాడు. మా ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకుంది.

ఇన్నేళ్లుగా నేను రైతులకు చెప్పే మాట ఒక్కటే. మందు కొట్టేటప్పుడు నోరు తెరవొద్దు, మొహానికి గుడ్డ కట్టుకో అని. ఇక్కడేమో ముక్కు మూసేసి నోరు తెరవమంటారు. నడుము లోతు నీళ్లలో మొహం ముంచగానే నా ఒళ్లు ఎదురుతిరిగింది. నోట్లో పైపు ఉండగానే ఊపిరి బిగబట్టాను. ఇక ఆగలేక, పైపు కొస కూడా మునిగేలా తల ముంచేసి పీలిస్తే గుక్కెడు ఉప్పునీళ్లు. కాళ్ల కింద నేల ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, "చచ్చిపోతున్నా, లాగండి!" అని కేకలు పెట్టాను. పది నిమిషాల్లో నా చదువు ముగిసింది. గొడుగు కింద కుర్చీలో పడి కొబ్బరినీళ్లు తాగి కళ్లు మూసుకున్నాను. మా ఆవిడ ఇంకో గంట నీళ్లలోనే ఉంది. అక్కడ ఆమె ఏం చేసిందో నేను చూడలేదు.

మర్నాడు పొద్దున ఓడలో టిఫిను దగ్గర పది మందిమి ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. నిన్న ఎలా ఉందని ఎవరో అడిగారు. "బ్రహ్మాండం. ఇంకాసేపు ఉండేవాణ్ణే, ఎండెక్కువైందని వచ్చేశా" అన్నాను.

మా ఆవిడ పకపకా నవ్వింది. "ఎండా పాడా! నడుముల్లోతు నీళ్లల్లో చచ్చిపోతున్నానని అరిచి బయటికొచ్చారు" అంది.

అందరూ నవ్వారు. దర్శి ఆయనైతే బల్ల చరిచి మరీ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నోర్మూసుకుని తిను. నీ మొహానికి ఓడ ఒకటి. నిన్ను గడప దాటించడమే నా బుద్ధితక్కువ. ఎక్కడికెళ్లినా పీడలా తగులుకుంటావు" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఆమె సగం తిన్న ఇడ్లీ వదిలేసి లేచి వెళ్లిపోయింది. నేను ఇంకో వడ వేయించుకున్నాను. ఇలాంటి మాటలు మా ఇంట్లో రోజూ ఉండేవే. అనేసిన రెండో నిమిషంలో నాకు గుర్తుండవు. విన్నవాళ్లకు ఎంతసేపు గుర్తుంటాయో నేనెప్పుడూ ఆలోచించలేదు.

పది గంటలకు మమ్మల్ని చిన్న పడవలో అదే దీవి పక్కన లోతు నీళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. మా ఆవిడ అద్దెకు తీసుకున్న నల్లటి పొడుగు చేతుల చొక్కా, ప్యాంటూ వేసుకుని పడవ ఆ చివర కూర్చుంది. నావైపు చూడలేదు. అలిగిందిలే అనుకున్నాను. నేర్పేవాడు నిలబడి ఏదో పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. నేను వినలేదు. విన్నా అర్థమయ్యేది కాదు.

అప్పుడు మా ఆవిడ ఒంటిమీది లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెట్టింది. తర్వాత గాజులు తీసింది. కమ్మలు తీసింది. ఆఖరికి, స్నానానికి కూడా తియ్యని పుస్తెలతాడు మెడలోంచి తీసి, అన్నీ చేతిరుమాలులో మూటకట్టి దర్శి ఆయన భార్య చేతిలో పెట్టింది. ఆవిడ మారుమాట లేకుండా ఆ మూటను సంచీలో వేసుకుంది. మాస్కులన్నీ ఇంకా బుట్టలోనే ఉన్నాయి. మా ఆవిడ పడవ అంచు మీదికెక్కి, ఒక్కసారి నావైపు చూసి, దూకేసింది.

మా వైపు పెళ్లయిన ఆడమనిషి నీళ్లలో దూకిందంటే ఎందుకు దూకిందని ఎవరూ అడగరు. ఇంట్లో ఏం జరిగిందని అడుగుతారు.

"ఓరి నాయనో! మా ఆవిడ దూకేసింది! పట్టుకోండి, రక్షించండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను కూడా దూకానని రాస్తే బాగుండేది. దూకలేదు. లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉంది, అయినా రెండు చేతులూ పడవ కమ్మీని పట్టుకుని వదల్లేదు. ఆమె పడినచోట నీళ్లు మళ్లీ నునుపుగా సర్దుకున్నాయి. పైకి ఏమీ రాలేదు. పీడలా తగులుకుంటావు అన్న నా మాటే చెవుల్లో మోగుతోంది. పడవలో ఉన్నవాళ్లు సముద్రాన్ని చూడటం మానేసి నన్ను చూస్తున్నారు.

"ఏవండీ, ఎందుకలా అరుస్తున్నారు?"

ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. తిరిగి చూస్తే మా ఆవిడ. పడవ కింద నుంచి ఈది అటువైపు తేలింది. జుట్టు మొహానికి అతుక్కుపోయి ఉంది. నీళ్లు ఊదేస్తూ, చేతులతో తేలిగ్గా తెడ్డేస్తూ ఉంది. నేను బల్లమీద కూలబడ్డాను. మా ఆవిడకు ఈత వచ్చు! ఇరవై ఆరేళ్లుగా పక్కన ఉన్న మనిషికి ఈత వచ్చు!

దర్శి ఆయన భార్య జాలిగా అంది. "అన్నయ్యగారూ, మెరిసే నగలుంటే చేపలు కొరుకుతాయి, తీసెయ్యమని చెప్పాడు కదండీ, మీరు వినలా? వదిన నిన్న ఎంత బాగా ఈదిందని! చూసి అతనే జాకెట్ అక్కర్లేదన్నాడు."

"దిగండి. నేను పట్టుకుంటాగా" అంది మా ఆవిడ నీళ్లలోంచి.

ఎప్పుడైనా అయితే కసిరేసేవాణ్ణి. కానీ ఆమె మళ్లీ కనబడకుండా పోతుందేమోనన్న భయం నాకింకా వదల్లేదు. మీసానికి జిడ్డు రాయించుకుని, మాస్కు తగిలించుకుని, నిచ్చెన పట్టుకుని దిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ముందు బయటికి ఊదండి. లోపలున్నది పోతేనేగా కొత్తది వచ్చేది. తొందరేం లేదు."

ఊదాను. గాలి దానంతటదే లోపలికి వచ్చింది. మళ్లీ ఊదాను. మొహం నీళ్లలోనే ఉంది, నేను బతికే ఉన్నాను. కళ్లు తెరిచాను. మా మేడమీంచి బజారులోకి తొంగిచూసినట్టు, అంత కిందన తెల్లటి ఇసుక. మధ్యలో పసుపుపచ్చ చేపలు నన్ను లెక్కచెయ్యకుండా పోతున్నాయి. పడిపోతానని మా ఆవిడ చెయ్యి బిగించి పట్టుకున్నాను. ఆమె కాళ్లు మాత్రం తాపీగా ఆడుతున్నాయి.

అలిసిపోయాక, పడవకు తాడుతో కట్టి వదిలిన గాలి రింగు పట్టుకుని ఇద్దరం ఆగాం. మాస్కులు నుదుటిమీదికి నెట్టుకున్నాం.

"ఈత ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాను.

"పదేళ్లప్పుడు. మా చేలో బావిలో. మా నాన్న నడుముకి సొరబుర్ర కట్టి నేర్పించాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పా. పెళ్లయిన నెలకి. మన చేలో బావి నిండుగా ఉంది, దిగుతానని అడిగా. కొత్తకోడలు బావిలో దూకితే మొగుడేం బాధపెట్టాడో అనుకుంటారు, నా పరువు తియ్యొద్దు అన్నారు."

నాకు నిజంగా గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ రోజు దొరకలేదు.

"ఇందాక ఎందుకలా అరిచారు?" అని అడిగింది.

అబద్ధం ఏదీ తోచలేదు. "పొద్దున అన్నమాటకి దూకేశావనుకున్నా" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కోపంగానూ చూడలేదు. ఇవాళ కూర ఏం వండిందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆ ఒక్క మాటకా? అట్లాగైతే ఎప్పుడో దూకేదాన్ని. రెండుసార్లు మన బావి గట్టుదాకా వెళ్లా కూడా. తీరా అక్కడికెళ్లాక, నాకు ఈతొచ్చు కదా, దూకినా మునగనుగా అనిపించింది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకున్నా."

"ఎప్పుడు? ఏ మాటకి?" అన్నాను. ఆమె అప్పటికే మాస్కు దించుకుని పైపు నోట్లో పెట్టుకుంది. నా చెయ్యి పట్టి లాగి, తన మొహం నీళ్లలో పెట్టింది.

మేం ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది. ఆ రెండుసార్లూ ఎప్పుడో నేనింకా అడగలేదు. ఆమె దాచుకుందని కాదు. అడిగితే చేతిలో పని ఆపకుండానే చెప్పేస్తుంది, అందుకే అడగలేకపోతున్నాను.