ఉయ్యాల్లో బియ్యం సంచి

పాప చిక్కిపోయిందని మా అత్తమ్మ వారం నుంచీ ఒకటే గోల. "పిల్ల సిక్కిపోనాది, నీ పాలు సాల్లేదు, డబ్బాపాలు పట్టు" అంటారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పోయిన నెల టీకా రోజున పాప సరిగ్గా ఐదు కేజీలు. మళ్లీ తూయించాలంటే రాజాం ఆసుపత్రికి వెళ్లాలి. కొట్లో కాటా మీద పిల్లని పెట్టడానికి అత్తమ్మ ఒప్పుకోరు.

ఇవాళ పొద్దున్న స్ప్రింగు ఉయ్యాల్లో పాప పైకీ కిందకీ ఊగుతుంటే ఇంటర్ ఫిజిక్స్ గుర్తొచ్చింది. స్ప్రింగుకి బరువు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది! ఫోన్లో ఇరవై ఊపులకి టైమ్ చూశాను. పాపని దించి, ఐదు కేజీల బియ్యం సంచి పడుకోబెట్టి మళ్లీ చూశాను. బియ్యం సంచే ఇరవై ఊపులూ ముందు ముగించింది. అంటే పాప ఐదు దాటేసింది! పైన అరకేజీ కందిపప్పు పెట్టాక రెండు టైములూ కలిశాయి.

"ఏటే ఈ పని? ఉయ్యాల్లో బియ్యం ఏసి ఊపుతారేటి?"

"ఖాళీ ఉయ్యాల ఊపకూడదన్నారు కదా అత్తమ్మా, అందుకే. మీ మనవరాలు ఐదున్నర కేజీలు."

అత్తమ్మ గబుక్కున నా నోరు మూసేశారు. "పైకి అనకే! దిష్టి తగుల్తాది." గుప్పెడు కల్లుప్పు తెచ్చి పాపకి దిష్టి తీశారు.

చిక్కిపోయిన పిల్ల బరువు పైకి అంటే దిష్టి తగులుతుందా? నేను గెలిచాను!

"ఈ స్ప్రింగు లెక్కలు ఎందుకు పనికొస్తాయి సార్" అని ఇంటర్లో అడిగినవాళ్లంతా చెయ్యెత్తండి. నేను అప్పుడెత్తిన చెయ్యి ఇవాళే దించాను.