గీత మీది పొట్టు

ఆ వీధిలో తలుపు బిగుసుకున్నా, కుర్చీ కాలు ఊడినా, కొత్త మంచం కావాలన్నా అందరి నోటా వచ్చే మాట ఒక్కటే, "రంపమ్మ దగ్గరికెళ్ళు." అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉందిలెండి, అదెవరికి కావాలి? పాలపళ్ళు ఊడే వయసులో తండ్రి వెంటపడి రంపం పట్టింది, ఇప్పుడు జుట్టు నెరుస్తున్నా రంపమ్మే. ఆమె చేసిన బల్ల ఊగుతోందని ఎవరైనా అంటే, ముందు మీ ఇంటి నేల సరిచేయించుకోండి అంటుంది. వెళ్ళి చూస్తే నేలే వంకరగా ఉంటుంది.

పని నేర్పింది తండ్రి, పెద్ద మేస్త్రి. ఇల్లు చిన్నది. వీధివైపు గదిలో పని, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒకే ఒక్క తలుపు. పెద్ద మేస్త్రి బతుకంతా ఆ ముందు గదిలోనే గడిచింది. అక్కడే తిన్నాడు, అక్కడే పోట్లాడాడు, కూతురి పెళ్ళిమాటలు కూడా చెక్క చిత్రిక పడుతూనే మాట్లాడాడు. ఆ గదిలో లేచిన దుమ్మంతా కొద్దికొద్దిగా ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. చివరికి నాలుగడుగులేస్తే ఆయాసం, నోరు తెరిస్తే దగ్గు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి మెత్తగానే చెప్పింది, "పెద్దాయనా, ఇక ఆ గది గడప తొక్కొద్దు. ఆ దుమ్ము మీకు విషం."

మొదట్లో ఆయన మంచం మీద నుంచే మేస్త్రీగిరీ వెలగబెట్టాడు. "ఏమే, రంపం మొద్దుబారింది, చప్పుడు వినపడటం లేదూ?" "చెక్క పొరకి ఎదురు చిత్రిక పడుతున్నావు, తిప్పు!" రంపమ్మ పళ్ళు నూరుకుంటూ తిప్పేది. తిప్పాక చూస్తే, చెప్పొద్దూ, ఆయన మాటే నిజమయ్యేది. రానురాను ఆ కేకలు తగ్గాయి. ఆ తర్వాత తిండి తగ్గింది. గోడవైపు తిరిగి పడుకోవడమే పనైంది. ఓ మధ్యాహ్నం కంచం ఎలా పెట్టిందో అలాగే తిరిగొస్తే, రంపమ్మ మంచంపట్టె మీద కూలబడి గట్టిగానే అడిగింది, "అసలేం కావాలి నాన్నా నీకు?"

"ఏమొద్దే. ఆ గదిలో ఓ మూల కూర్చోబెట్టు. చూస్తూ చూస్తూ పోతాను."

ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "పోవడానికైతే తీసుకెళ్ళను. కూర్చోడానికైతే తీసుకెళ్తాను. కాస్త ఓపిక పట్టు," అంది. వెళ్ళి డాక్టరమ్మని అడిగితే, "దుమ్ము లేకపోతే కాసేపు కూర్చోవచ్చు. కానీ వడ్రంగి గదిలో దుమ్ము లేకపోవడమేమిటమ్మా?" అంది. "అది నాకొదిలెయ్యండి," అనేసి వచ్చింది రంపమ్మ. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు.

ముందుగా రంగంలోకి దిగింది భర్త. కరెంటు పని చేస్తాడు, మనసు వెన్న, ఉత్సాహం మాత్రం ఓ పాలెక్కువ. కిటికీకి ఇంత లావు ఫ్యాను బిగించి, "చూస్కో, పొట్టంతా ఇక బయటికే!" అన్నాడు. నిజమే, బయటికే పోయింది. పక్కింటి పిన్నిగారు అప్పుడే ఆరేసిన దుప్పట్ల మీదికి పోయింది. ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. అంతటితో ఆగినా బాగుండేది! బయటికి పోయిన దుమ్ము ఇల్లు చుట్టి, వెనక కిటికీలోంచి తిన్నగా పెద్ద మేస్త్రి మంచం మీదికే వచ్చి వాలింది. ఆ పూటంతా ఆయన దగ్గుతూనే ఉన్నాడు. అల్లుడు ఫ్యాను విప్పేసి, మొహం చెల్లక పొద్దుపోయేదాకా ఇంటికి రాలేదు.

తర్వాత రంపమ్మ దుమ్ము లాగే మిషను తెచ్చింది, పెద్ద గుడ్డసంచి తగిలించింది. నేల మీద పేడు ముక్క లేదు, గది అద్దంలా మెరిసింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మురిసిపోయారు. ఇంతలో పొద్దు వాలి, తలుపు సందులోంచి ఎండ ఏటవాలుగా పడింది. ఆ వెలుగులో చూస్తే సంచి చుట్టూ సన్నటి పొగ! లావు పొట్టుని సంచి మింగుతోంది, కంటికి ఆనని పొడిని మళ్ళీ గదిలోకే కక్కుతోంది.

"ఓరి నీ దుంప తెగ!" అని మిషనునే తిట్టింది రంపమ్మ. "నేల మీద పడ్డది కాదండీ మన శత్రువు, గాల్లో తేలేది."

అక్కణ్ణుంచి ఆమె పనితనం చూడాలి. మిషనుని ఇంటి పక్క సందులో, కిటికీలకు దూరంగా రేకుల గూట్లో పెట్టించింది. గోడకి కన్నం పొడిచి గొట్టం లోపలికి తెచ్చి, దాని మూతిని సరిగ్గా కోతబల్ల కింద, పొట్టు రాలే చోటే ఆనించింది. చీపురు తీసి అవతల పారేసి తడిగుడ్డ పట్టింది. గరుకు కాగితం రుద్దడం తగ్గించి, నునుపు కోసం ఉక్కు రేకుతో గీరడం మొదలుపెట్టింది. గీరితే పొట్టు చుట్టలు చుట్టుకుని కిందే పడుతుంది, గాల్లోకి లేవదు. పని ఆలస్యమవుతోందని గొణిగినవాళ్ళకి, "తొందరైతే కొట్లో కొనుక్కోండి," అని మొహమ్మీదే చెప్పింది. ఎవరూ కొట్టుకి వెళ్ళలేదనుకోండి.

తండ్రి కుర్చీ వేయాలనుకున్న చోట నల్లరంగు పూసిన చెక్క ఒకటి పెట్టింది. సాయంత్రం దాని మీద వేలితో గీస్తే చార పడకూడదు. కానీ ఏ రోజు చూసినా సన్నటి చార పడుతూనే ఉంది. గొట్టం అతుకులు చూసింది, తలుపు సందులు మూసింది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ ఆ దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందో అంతుపట్టలేదు. చివరికి విసుగెత్తి, ఆ నల్లచెక్క తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టి గోడు వెళ్ళబోసుకుంది.

పెద్ద మేస్త్రి గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "కోతబల్ల దగ్గర?"

"గొట్టం లాగేస్తోంది."

"శుభ్రం చేసేటప్పుడు?"

"తడిగుడ్డే."

"చేత్తో రంపం వేసేటప్పుడు పెన్సిలు గీత మీద పొట్టు పడుతుందిగా. గీత కనపడాలంటే ఏం చేస్తున్నావు?"

"అదేముంది నాన్నా, వంగి ఊదుతా."

అనేసి ఆగిపోయింది. రంపం పట్టకముందు, ఆ గదిలో ఆమె నేర్చిన మొదటి పని అదే. ఆయన కోస్తుంటే మోచేతి పక్కన నిలబడి, "ఊదు అమ్మడూ" అనగానే బుగ్గలు పూరించి గీత మీద పొట్టు ఊదేది. వచ్చినవాళ్ళందరికీ ఆయన అది గొప్పగా చూపించేవాడు. ఊదాక ఊపిరి తీసుకోవాలి కదా, మొహం ఆ దుమ్ములోనే ఉంటుంది కదా అని ఇద్దరికీ ఏనాడూ తట్టలేదు.

"నేనే నేర్పాను," అన్నాడాయన. "పొద్దున్నే ఆ పొడిదగ్గు నీకెప్పట్నుంచే?"

"చలికి వస్తుంది నాన్నా."

"చలీ లేదు గిలీ లేదు. ఈ నల్లచెక్క పెట్టాల్సింది నా కుర్చీ దగ్గర కాదే, నీ మొహం దగ్గర!"

ఆ పూట ఆయన కంచం ఖాళీ చేశాడు. మర్నాడూ అంతే. ఎవరూ బతిమాలలేదు.

రంపమ్మ గీత పక్కకి సన్నగొట్టం ఒకటి లాగి, చేతికి మెత్తటి కుంచె తెచ్చుకుంది. ఊదకుండా ఉండటమే మహా కష్టమైపోయింది. మూతికి గుడ్డ కట్టుకుంది. గీత కనపడకపోతే ఆ గుడ్డ కిందికి లాగి మరీ ఊదేది, ఊదాక నాలిక కరుచుకునేది. చెయ్యి వింటుంది గానీ మూతి వినదే! తనని తనే తిట్టుకుంటూ, పట్టుదలగా, పిల్లప్పుడు రంపం నేర్చినట్టే మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుంది. ఓ సాయంత్రం నల్లచెక్క మీద వేలు గీస్తే చార పడలేదు. డాక్టరమ్మ, "మూతికి గుడ్డ కట్టి, కాసేపే," అని ఒప్పుకుంది.

అల్లుడు చెయ్యిపట్టి నడిపించుకొచ్చి పెద్ద మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టాడు. దుప్పట్ల గొడవ మరిచిపోయి పక్కింటి పిన్నిగారు కూడా గుమ్మంలో నిలబడింది. రంపమ్మ చెక్క బిగించి, గీత గీసి, రంపం ఆనించింది. రెండు లాగులు లాగేసరికి గీత మీద పొట్టు పేరుకుంది. ఆమె వంగింది. పెదాలు వాటంతటవే సున్నా చుట్టాయి.

టక్కుమని తండ్రి చేతికర్ర నేలకి తగిలింది. "ఊదావో, చూడు!"

రంపమ్మ నవ్వేసి కుంచె అందుకుంది. గీత తేలింది. మళ్ళీ రంపం, మళ్ళీ పొట్టు, మళ్ళీ కర్ర చప్పుడు, మళ్ళీ కుంచె. ఆయన ఒక్క దగ్గు దగ్గలేదు.

"ఏం మేస్త్రిగారూ," అంది పిన్నిగారు, "ఇన్నాళ్ళకి వచ్చారు, గది ఎలా ఉంది?"

ఆయన కూతురి పెదాల మీంచి చూపు తిప్పలేదు.

"ఇంకా చూడలేదమ్మా," అన్నాడు.