అజ్రా చెంపల మీది గుంటలు

రాయచోటి నుంచి వచ్చిన ఖుర్షీదా పదేళ్లుగా గల్ఫ్‌లో, యూఏఈలోని కల్బా పట్టణంలో ఆడవాళ్ల సెలూన్‌లో పనిచేస్తోంది. కనుబొమలు దిద్దడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ చేతి మీది నమ్మకమే ఆమెను ముంచింది.

2021 రంజాన్ నెలలో పదిహేనేళ్ల కూతురు అజ్రాకు చెంపల నిండా మొటిమలు లేచాయి. కరోనా వల్ల ఊరికి పోయే దారి లేదు. పండగనాడు చుట్టాలంతా వీడియో కాల్‌లోనే చూస్తారు. అప్పటికల్లా మొహం బాగుచేయాలని తల్లి ఆరాటం. "నొప్పి అమ్మీ, వద్దు" అని పిల్ల తల తిప్పుకుంటున్నా వినకుండా, గడ్డం పట్టుకుని అన్నీ చిదిమేసింది. చెంపలు ఎర్రగా వాచాయి. అయినా వారం తిరక్కుండా మళ్లీ చిదిమింది.

పండగనాడు అజ్రా ఫోన్ ముందుకు రాలేదు.

వాపు దిగాక ఎర్రమచ్చలు మిగిలాయి. అవి మెల్లగా గోధుమరంగుకు తిరిగి, ఏడాదికల్లా చాలావరకు చర్మంలో కలిసిపోయాయి. హమ్మయ్య అనుకునేలోపే, ఆ చోట గుంటలు తేలాయి.

పక్కనున్న ఫుజైరా నగరంలో చర్మం డాక్టరుకు చూపించారు. "నొక్కితే చీము లోపలికి పగులుతుంది. చర్మాన్ని పట్టి ఉంచే అడుగుపొర దెబ్బతింటుంది. అది సరిగా పూడకపోతే పైచర్మం కుంగుతుంది. మచ్చ రంగు కాలంతో పోతుంది, గుంట పోదు. వైద్యంతో కొంత తగ్గించొచ్చు" అని ఆయన హిందీలో విడమరిచి చెప్పాడు. "ఇంతకీ ఎవరు గిల్లారు?"

ఖుర్షీదా నోరు పెగిలేలోపే అజ్రా "నేనే" అంది. తల్లి తల వంచుకుందే తప్ప, కాదని అనలేదు.

అక్కడ చెప్పలేని నిజాన్ని ఆమె సెలూన్‌లో చెప్పసాగింది. ఎవరైనా మొటిమలు తీయమంటే, "నా బిడ్డ మొహం నా చేత్తోనే పాడుచేసినా" అని ఫోన్‌లో ఫొటో చూపించేది. మేనేజరు కసురుకున్నా మానలేదు.

ఒకరోజు ఇంటి తాళంచెవి కోసం సెలూన్‌కు వచ్చిన అజ్రా తన ఫొటోను ఎవరో పెద్దది చేసి చూడటం గమనించింది. ఇంటికొచ్చాక నిలదీసింది.

"నా మొహం చూపిమ్మని నీకెవరు చెప్పినారు అమ్మీ?"

"ఇంకో పిల్లకు ఇట్ల జరగకూడదనీ..."

"ఊరందరికీ చెప్పినావు. నాకు చెప్పినావా, ఒక్కసారన్నా?"

ఖుర్షీదా మంచం అంచున కూలబడింది. "తప్పు నాదేనే తల్లీ. నువ్వు వద్దంటావున్నా వినలేదు. డాక్టరు ముందర కూడా నోరు మూసుకున్నా."

అజ్రా "ఫొటో తీసెయ్" అని మాత్రం అంది.

ఆ తర్వాత చేయించిన వైద్యంతో గుంటలు కొంత పూడాయి. ఎదురుగా చూస్తే అంతగా తెలియవు. పక్కనుంచి వెలుతురు పడ్డప్పుడు మాత్రం, కూతురితో మాట్లాడుతూనే ఖుర్షీదా చూపు తిప్పుకుంటుంది.