రెండు పాస్‌పోర్టులు, ఒక్క బారికేడ్

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కేంద్ర బలగంలో జవానుగా ఉన్నన్నాళ్లూ తుపాకీ మోయడం నాకు కష్టమనిపించలేదు. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడాల్సి వస్తేనే అరచేతులు తడిసేవి. మోకాలి గాయంతో ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాను. వీధిలో వాళ్లు కశ్మీర్ గురించి అడుగుతారు. నాకు గుర్తొచ్చేది కోలారు బంగారు గనుల్లో ఎన్నికల డ్యూటీ.

ఏప్రిల్ ఎండలో దిగాం. చాంపియన్ రీఫ్స్‌లో మూతపడిన బడి మా క్యాంపు. రేకుల కప్పు. ఎదురుగా ఆగిపోయిన గని చక్రాలు, అటుపక్క బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బలు. గాలి లేస్తే ఆ దుమ్ము అన్నంలోకీ రైఫిల్ బోల్టులోకీ వచ్చేది. ఆండర్సన్‌పేట దారిలో బారికేడ్ దగ్గర ఆరుగురం. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా ఊరు రాష్ట్ర సరిహద్దుకు అవతల, కుప్పం దగ్గర. మా ఇన్‌స్పెక్టర్ మేడమ్‌ది హర్యానా. ఆమె హిందీలో చెప్పింది నేను తెలుగులో చెప్పాలి.

మా చేతిలో ఉన్న ఆర్డర్ చిన్నది. విదేశీ పౌరులను పిలిచిన ఎన్నికల సభకు అనుమతి రద్దు.

ఆ ఆదివారం గని కార్మికుల భార్యలు కంపెనీ కట్టించిన లైన్ ఇళ్ల మధ్య సభ పెట్టుకున్నారు. గని మూతపడ్డా వాళ్లు ఆ ఒంటిగది ఇళ్లలోనే ఉంటున్నారు. పట్టాలు లేవు. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు. అభ్యర్థులను అందరి ముందూ నిలబెట్టి పట్టాల సంగతి అడగాలనుకున్నారు. ముందుండి నడిపించేది మునెమ్మ. ఆమె భర్తను గని దుమ్మే తినేసింది.

పొద్దున పదింటికి వైర్‌లెస్ సెట్లో కంట్రోల్ రూమ్ అధికారి మాట. మునెమ్మ సభలో ఒక విదేశీ ముసలావిడ ఉంది, ఆపేయండి. ఆవిడ ఒకప్పుడు ఈ గనుల్లో పనిచేసి పోయిన తాత సమాధి చూసుకోవడానికి ఏటా వచ్చే మనిషి. మునెమ్మే పిలిచి కూర్చోబెట్టింది. మేము వెళ్లి చెబితే ఆవిడ మారుమాట లేకుండా లేచి వెళ్లిపోయింది. షామియానా దింపించాం. కుర్చీలు బండెక్కాయి.

మునెమ్మ మమ్మల్ని తిట్టలేదు. "ముసిల్ది కుర్చీలో కూసుంటే దేశం మునిగిపోతాదా అమ్మా?" అని నన్నడిగింది. మేడమ్‌కు తర్జుమా చేశాను. ఆమె ఆర్డర్ కాగితం తీసి మరోసారి చదివింది.

మధ్యాహ్నం మూడింటికి తెల్ల కారు వచ్చింది. లోపల ఒక పెద్దమనిషి, మెడలో అధికార పార్టీ కండువా. ఊళ్లో ఆ పార్టీ సభ పోస్టర్లన్నిటా ఆయనే ముఖ్య అతిథి. గుర్తింపు అడిగితే పాస్‌పోర్టు ఇచ్చాడు. ఆస్ట్రేలియాది.

"ఈయనకు సమాధులేమీ లేవేమో మేడమ్," అన్నాడు మా రేడియో ఆపరేటర్.

సెట్ మోగింది. పొద్దున్నటి అధికారే. "ఆయన్ని పంపండి. ఆయన మనవాడు."

"ఆర్డర్‌లో మనవాడు అని లేదు సార్. విదేశీ పౌరుడు అని ఉంది," అంది మేడమ్.

"పొద్దున్నది జోక్యం. ఇది అభిమానం."

"ఆ తేడా రాసి పంపండి సార్. చదువుకుని బారికేడ్ తీస్తాను."

అవతల సెట్ కట్టేశారు. మేడమ్‌ను రేపటికల్లా ఏ మూలకో పంపేస్తారని డ్రైవర్ గొణిగాడు. ఆమె మంచినీళ్లు తాగి, లోపలికి వెళ్లడానికి వీల్లేదని కారులో ఆయనకు చెప్పమని నాకు సైగ చేసింది.

"నేను మాలూరులో పుట్టినోణ్ణమ్మా. నన్ను ఫారినర్ అంటావా?" అన్నాడాయన. ఆ గొంతులో నిజంగానే నొప్పి ఉంది.

"మీది ఈ జిల్లానే సార్. ఓటు మాత్రం వేరే దేశంలో," అన్నాను. అది మేడమ్ చెప్పిన మాట కాదు. నాదే.

కాసేపటికి సెట్ పలికింది. అతిథి వెనక్కి వెళ్తాడు, ఆ పార్టీ సభ మాత్రం జరగనివ్వండి.

"మంచిది సార్," అంది మేడమ్. "పొద్దున ఆవిడ కూడా వెళ్లిపోయింది. ఆ సభా జరుగుతుంది."

గరగర మధ్యే జవాబు: "సరే."

అలాంటి ధైర్యం పుస్తకాల్లో చదివాను. అరవకుండా, బారికేడ్ పక్కన నిలబడి చేయవచ్చని అక్కడే చూశాను.

కుర్చీల బండి ఎప్పుడో వెళ్లిపోయింది. నేను వెళ్లి మునెమ్మకు కబురు చెప్పాను. లైన్ ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు పీటలు, స్టూళ్లు తెచ్చి, నీళ్లు పారబోసిన బకెట్లు బోర్లించుకుని ఎండలో కూర్చున్నారు. ఐదింటికి అభ్యర్థులు వచ్చారు. అధికార పార్టీ అభ్యర్థికి నీడ లేదు, మైకు లేదు. మునెమ్మ బకెట్ మీద నుంచి లేచి పట్టా ఎప్పుడిస్తారని అడిగింది. ఆయన చెమట తుడుచుకుంటూ, చూస్తామన్నాడు.

ఇంటికి వచ్చి ఏడాది దాటినా కళ్ల ముందు ఆ బోర్లించిన బకెట్లే.

పోలింగ్ అయ్యాక లారీ ఎక్కుతుంటే మునెమ్మ వచ్చింది. పట్టా ఇస్తారంటావా అవ్వా, అని అడిగాను.

"ఇయ్యకుంటే మళ్లా ఓటుకు రాడా? మళ్లా అడగతా. నేను యాడికి పోతానమ్మా, ఈడనే ఉంటా."